తిరుపతి లేబర్ రూమ్ సిస్టర్‌కి థ్యాంక్స్

అందరికీ నమస్తే. పోయిన వారం తిరుపతి సర్కారు ఆస్పత్రిలో నాకు రెండో కాన్పు అయింది, పాప, నార్మల్ డెలివరీ, ఇద్దరం బాగుండాం. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి థ్యాంక్స్ చెప్పాలనే ఇది రాస్తా ఉండా, నా పేరు పెట్టొద్దమ్మా అనింది కాబట్టి పెట్టడం లేదు.

మొదటి కాన్పు వేరే చోట అయింది, ఎక్కడనేది ఎందుకులెండి. నొప్పులకి అరిస్తే "మొగుడి దగ్గరికి పోయేటప్పుడు తెలీలేదా" అన్నారు, ఒకామె పొట్ట మీద చేతులు పెట్టి నొక్కేసింది, కోసి కుట్లేసేది ముందు చెప్పనే లేదు, ఇంక మగబిడ్డ అని చెప్పేదానికి మా ఆయన దగ్గర డబ్బులు. అందుకే ఈసారి నొప్పులకన్నా ఆ రూమ్‌కే ఎక్కువ భయపడినా.

ఈ సిస్టర్ వస్తానే ముందు కర్టెన్ లాగింది. "అమ్మా, దారి ఎంత తెరుచుకుందో చెయ్యి పెట్టి చూడాల, చూడనా? నొప్పొస్తే చెప్పు, ఆపేస్తా" అనింది. నిజంగానే మధ్యలో నొప్పొచ్చింది, చెయ్యి తీసేసి అది పోయేదాకా ఊరికే నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది అప్పుడే.

వదినెను పక్కనే ఉండనిచ్చారు. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషిని ఒకరిని తోడుగా లేబర్ రూమ్‌లోకి రానియ్యొచ్చని 2016లోనే సెంట్రల్ గవర్నమెంట్ చెప్పిందంట, సిస్టర్ చెప్పిందాకా నాకు తెలీదు. (అమ్మ అలిగింది, కానీ ఆమె వచ్చుంటే నాకంటే ముందు ఏడుస్తాది.) పడుకోనే ఉండాలని ఏం లేదు, నడువు, నీళ్ళు తాగు అనింది. పొట్ట నొక్కుతారా అని భయంగా అడిగితే, అది చెయ్యకూడదు, డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు కూడా 2018లో వద్దనే చెప్పినారు, నీకు ముక్కాలనిపించినప్పుడు ముక్కు చాలు అనింది. పాప పుట్టినాక బొడ్డు వెంటనే కొయ్యలేదు, తుడిచి నా ఎద మీద పడుకోబెట్టి పైన గుడ్డ కప్పి, బొడ్డుతాడు కొట్టుకునేది ఆగినాకే కోసినారు. ఈసారి కుట్లు కూడా పడలేదు.

తెల్లారి అడిగినా, మీకు కోపం రాదా సిస్టర్ అని. "ఎందుకు రాదు, మంచాలన్నీ నిండిపోయి మేం ఇద్దరమే ఉంటే నాకూ గొంతు లేస్తాది, మమ్మల్ని తిట్టేవాళ్ళూ ఉండారు" అని నవ్వింది. రాత్రంతా ఆమె అన్నం క్యారియర్ తీసింది నేనైతే చూళ్ళేదు.

వార్డులో ఉన్న ఆయాకి కూడా థ్యాంక్స్, నా గుడ్డలు మారుస్తా ఒక్కసారి మొహం చిట్లించలే, మా ఆయన ఇయ్యబోతే డబ్బులు వద్దనింది. ఇంక ఇంటికి దింపిన 102 బండి అన్న, చంద్రగిరి దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ కాడా "పట్టుకోమ్మా" అని చెప్పి చెప్పి తోలినాడు. పాపకి పేరు ఇంకా పెట్టలే, పెట్టినాక ఫోటో పెడతా.