గాజు పార్సిల్ పగలకుండా చేరాలంటే

సంపాదకులకు,

గాజు వస్తువు పంపేవాళ్లలో చాలామంది పెట్టె మీద ఎర్రటి ‘ఫ్రాజైల్’ స్టిక్కర్ అంటించి, భారమంతా దానిమీదే వేస్తారు. ఆ స్టిక్కర్‌ను చదివే మనిషి దారిలో ఎక్కడో గానీ ఎదురుపడడు. పెద్ద సార్టింగ్ కేంద్రాల్లో పెట్టెను కదిపేది కన్వేయర్ బెల్టు, చదివేది బార్‌కోడ్ స్కానర్. బెల్టు మలుపులో ఒక పెట్టె ఇంకోదాన్ని గుద్దుతుంది, చూట్ అనే జారుడు తొట్టి మీంచి జారి సంచిలో పడుతుంది, లారీలో దాని నెత్తిన మరిన్ని పెట్టెలు ఎక్కుతాయి. పైకి చూపే బాణం గుర్తు వేసినా తలకిందులుగానే ప్రయాణం చేయవచ్చు. స్టిక్కర్ తప్పకుండా వేయండి, గుమ్మం దాకా తెచ్చిచ్చే మనిషికి అది పనికొస్తుంది. ప్యాకింగ్ మాత్రం ఆ స్టిక్కర్ లేదనుకునే చేయాలి.

ప్యాకింగ్‌ను పరీక్షించడానికి వాడే ఇస్టా (అంతర్జాతీయ రవాణా భద్రత సంఘం) వారి 1ఎ పద్ధతిలో, సుమారు 10 కిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 10 సార్లు పడేస్తారు. ఒక మూల మీద, మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. 76 సెంటీమీటర్లంటే మామూలు బల్ల ఎత్తు. ఆ ఎత్తు నుంచి పడ్డ వస్తువు ఎంత దూరంలో ఆగుతుందన్నదే అసలు సంగతి. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, దాని బరువుకు ఎన్ని రెట్ల దెబ్బ తగిలిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పలచటి చుట్టు వేసిన గ్లాసు 2 మిల్లీమీటర్లలో ఆగితే అది 380 రెట్లు. చుట్టూ వేసిన మెత్త (కాగితం, ఫోమ్ లాంటిది) నలిగి 25 మిల్లీమీటర్లలో ఆగితే 30 రెట్లు. ఏ మెత్తా పూర్తి మందం దాకా నలగదు, కొంత నలిగాక గట్టిపడిపోతుంది. అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల మెత్త ఉండాలని అనుభవమున్నవాళ్లు చెప్పేది ఇందుకే. అడుగున బాగా వేసి పక్కల వదిలేస్తే ఉపయోగం లేదు, పెట్టె ఏ మూల మీద పడుతుందో ఎవరికీ తెలియదు.

గాజు నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్చుకోదు. దాని పైముఖం మీదున్న సన్నటి గీత దగ్గర లాగుడు బలమంతా పోగుపడి, చీలిక అక్కడే మొదలవుతుంది. అందువల్ల గాజుకు గాజు తగలనివ్వకూడదు. గంటల తరబడి లారీ అదురులో రెండు గ్లాసులు ఒకదానికొకటి ఒరుసుకుంటే గీతలు పడతాయి, తర్వాత చిన్న కుదుపుకే అక్కడ పగులుతాయి. ఎక్కడా పడకపోయినా పగిలి చేరే పార్సిళ్లకు ఇది ఒక కారణం. టెంపర్డ్ గాజు, అంటే వేడిచేసి వేగంగా చల్లార్చి గట్టిపరిచిన గాజు, గట్టిదన్న నమ్మకం కూడా సగమే నిజం. దాని ముఖం మీద దెబ్బ తగిలితే ఓర్చుకుంటుంది గానీ, అంచు మీద తగిలితే మొత్తం ఒక్కసారిగా ముక్కలవుతుంది. గాజు మూతలకు, అద్దపు పలకలకు అంచుల చుట్టూ మెత్త రెట్టింపు వేయాలి.

ఇక చుట్టే పద్ధతి. ముందు వస్తువును తుడిచి ఆరబెట్టాలి. బంగారు గీత, చేతి చిత్రం ఉన్నవాటికి మొదట అచ్చు లేని తెల్లటి పలచ కాగితం చుట్టాలి. వార్తాపత్రిక కాగితం నేరుగా తగిలితే సిరా అంటుకుంటుంది, ప్లాస్టిక్ నేరుగా నొక్కుకుంటే రంగు ఊడి రావచ్చు. దానిమీద చిన్న బుడగల బబుల్ ర్యాప్ రెండు మూడు చుట్లు. టేపు గాజుకు అంటకూడదు, బబుల్ ర్యాప్ మీదే అంటాలి. టేపు చివర ఒక సెంటీమీటరు లోపలికి మడిచి వదిలితే, విప్పేవాళ్లు లాగి పీకనక్కర్లేకుండా వస్తుంది. విప్పేటప్పుడు చేయి జారి విరిగే కాడలు, పిడులు తక్కువేమీ కాదు.

వస్తువు ఆకారాన్ని బట్టి పని మారుతుంది. గుండ్రటి కూజా, పూలకుండీ లాంటి బోలు వస్తువుల్లో నలిపిన కాగితం వదులుగా నింపాలి. కూరి కూరి నింపితే లోపలి నుంచే గోడ మీద ఒత్తిడి పడుతుంది. కాడ ఉన్న గ్లాసుకు ముందుగా కాడ చుట్టూ కాగితం చుట్టుకుంటూ, పైనున్న గిన్నె భాగం వెడల్పుతో సమానమయ్యే దాకా తేవాలి. అలా చేయకపోతే పైభాగం ఆనుకుని, కాడ గాలిలో ఊగి, గిన్నెతో కలిసే చోట విరుగుతుంది. కప్పు పిడికీ ఇదే లెక్క, పిడి సందులో ముందు కాగితం నింపాలి. మూత ఉన్న పాత్రకు మూత తీసి విడిగా చుట్టాలి. ప్లేట్లను పరుండబెట్టి దొంతరగా పేర్చడం పెద్ద పొరపాటు. కింది ప్లేటు మీద పైవాటి బరువంతా పడి మధ్యలో వంగుతుంది, వంగితే గాజు పగులుతుంది. ఒక్కోటీ విడిగా చుట్టి, అంచు మీద నిలబెట్టి, మధ్యలో అట్ట ముక్క పెట్టి పంపాలి.

ఫ్రేము కట్టిన చిత్రాల విషయంలో, గాజు మీద మాస్కింగ్ టేపుతో ఇంటూ గుర్తు వేయడం చూస్తుంటాం. దానివల్ల గాజు పగలకుండా ఉండదు. పగిలితే ముక్కలు జారి చిత్రాన్ని గీరకుండా పట్టి ఉంచుతుంది, దానికోసమే వేయాలి. మెరుపు తగ్గించే పూత ఉన్న గాజు మీద అసలే వేయకూడదు. నాలుగు మూలలకు అట్ట తొడుగులు, ముందూ వెనకా గట్టి అట్ట లేదా హార్డ్‌బోర్డు తప్పనిసరి. విలువైన చిత్రమైతే గాజు తీసేసి యాక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) షీటు బిగించి పంపడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి దారి.

ద్రవం ఉన్న సీసాకు రెండు ప్రమాదాలు. అంచుదాకా నింపితే వేడికి ద్రవం వ్యాకోచించి మూతను తోస్తుంది. విమానంలో గాలి ఒత్తిడి తగ్గినప్పుడు కారవచ్చు. మెడ దగ్గర కాస్త ఖాళీ వదిలి, మూత చుట్టూ టేపు వేసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, చుట్టూ ద్రవాన్ని పీల్చే గుడ్డో కాగితమో పెట్టాలి. కారిన తడి అట్టపెట్టెను మెత్తబరిస్తే పక్కవాళ్ల పార్సిళ్లూ పాడవుతాయి. ఏ ద్రవాలు తీసుకుంటారో, ఏవి నిషేధమో ముందే అడగాలి.

పెట్టె దగ్గర పొదుపు చేయడం సరికాదు. రెండు కాగితాల మధ్య అలలా మడిచిన పొర ఒక్కటే ఉన్న మూడు పొరల అట్ట తేలికపాటి వస్తువులకే చాలు. గాజుకు అలల పొరలు రెండున్న ఐదు పొరల అట్ట వాడాలి. వాడేసిన పెట్టెల మూలలు మెత్తబడి ఉంటాయి. తేమ పట్టిన అట్టకు బరువు మోసే శక్తి బాగా తగ్గిపోతుంది. చుట్టిన వస్తువును ముందు దానికి సరిపోయే చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్తతో పెద్ద పెట్టెలో పెట్టడం గాజుకు ఉత్తమం. బయటి పెట్టె కుంగినా లోపలిది నిలుస్తుంది.

ఇక్కడే ఖర్చు అడ్డొస్తుంది. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన అంకెను కిలోల్లో బరువుగా లెక్కిస్తాయి. అసలు బరువు ఎంతైనా, రెంటిలో ఎక్కువైనదానికే రుసుము. అన్ని వైపులా 20 సెంటీమీటర్లున్న పెట్టెకు ఇది 1.6 కిలోలు. చుట్టూ 5 సెంటీమీటర్లు పెంచి 30 చేస్తే 5.4 కిలోలు. ఈ తేడా చూసి పెట్టె కుదించేవాళ్ల బాధ అర్థమవుతుంది. అయినా మెత్త మందం తగ్గించడం కంటే, విప్పదీయగలిగిన భాగాలు విప్పి పెట్టెను పొట్టి చేయడం, ఆరు గ్లాసుల సెట్టును ఒకే పెట్టెలో అరలు కట్టి పంపడం మేలు. బుకింగ్ కౌంటర్లలోనూ, సంస్థల సైట్లలోనూ ఈ లెక్కను ముందే చూపించాలి. పెట్టెను బల్ల మీద పెట్టాక రుసుము విని, అక్కడికక్కడే చిన్న పెట్టెలోకి మార్చుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. గాజు అని రాసి ఇచ్చినప్పుడు లోపల చుట్టూ ఎంత మెత్త ఉందని కౌంటర్లో ఒక్క ప్రశ్న అడిగినా చాలా నష్టం తప్పుతుంది.

మెత్తగా ఏది వాడాలన్నదీ ముఖ్యమే. థర్మాకోల్ గింజల్లో బరువైన వస్తువు అదురుకు మెల్లగా కిందికి దిగి, అడుగున పెట్టెకు ఆనుకుంటుంది. అందుకే బరువైనదానికి నలిపిన క్రాఫ్ట్ (గట్టి గోధుమరంగు) కాగితం ఉండలు, ఫోమ్ పలకలు, పెద్ద బుడగల బబుల్ ర్యాప్ వాడాలి. సన్నగా కత్తిరించిన కాగితం త్వరగా అణిగిపోతుంది. మూత వేసే ముందు చేత్తో నొక్కితే కొంచెం ఎదురు తన్నాలి. మూత ఉబ్బితే ఎక్కువైనట్టు. మూసి ఊపితే లోపల ఏ చప్పుడూ రాకూడదు, ఏదీ కదిలినట్టు చేతికి తెలియకూడదు. చప్పుడు వస్తే విప్పి మళ్లీ నింపడమే. అనుమానముంటే అంతే బరువున్న మామూలు వస్తువును ఇలాగే కట్టి, బల్ల ఎత్తు నుంచి వదిలి చూడొచ్చు.

48 మిల్లీమీటర్ల వెడల్పు టేపును మూత రెక్కలు కలిసే మధ్య అతుకు మీద, రెండు చివరల అంచుల మీద, పైనా కిందా వేయాలి. పక్క గోడల మీదకు 5 సెంటీమీటర్లయినా దిగాలి. పురికొస కట్టకండి, బెల్టులో చిక్కుకుంటుంది. చిరునామా చీటీ ఒకటి పెట్టె లోపల కూడా ఉంచితే, పై లేబుల్ చిరిగినా దారి తప్పదు.

పరిహారం గురించి ఒక మాట. రవాణాలో గాజు పగిలితే బాధ్యత లేదని చాలా సంస్థల షరతుల్లో రాసి ఉంటుంది. బీమా ఉన్నా, ప్యాకింగ్ సరిగా లేదని తిరస్కరించే అవకాశం ఉంది. చుట్టకముందు, చుట్టాక, మూసేముందు తీసిన ఫొటోలు, వస్తువు విలువ చూపే బిల్లు ఉంచుకోవాలి. అందుకున్నవాళ్లు పెట్టె నలిగి ఉంటే సంతకం దగ్గరే ఆ మాట రాయించాలి, విప్పేది వీడియో తీయాలి. పగిలిన ముక్కలు, పెట్టె, మెత్త అన్నీ పరిశీలన అయ్యేదాకా పారేయకూడదు. ఏమీ పగలకపోయినా, కాగితం ఉండలన్నీ విప్పి చూశాకే బుట్టలో వేయాలి. మూత పిడి, దీపం ముక్కు లాంటి చిన్న భాగాలు వాటిలోనే ఉండిపోతుంటాయి. చలిలో వచ్చిన గాజు పాత్రను గది వేడికి రానిచ్చాకే వేడినీళ్లతో కడగాలి.

ఇట్లు,
ప్యాకింగ్ పని తెలిసిన ఒక పాఠకుడు