చింత పూత రాలినాక తేనె ముట్టుకోవద్దు

చిరంజీవి పాపకు,

నాన్న దీవెనలు. రెండు తేనెటీగల పెట్టెల్లోనూ పైనుండే తేనె గది నిండింది, ఇప్పుడే తీయాలా, వానలు పడినాక తీయాలా అని అడిగినావు. ఇప్పుడే తియ్యి. అయితే ఈ ఏటికి ఇదే ఆఖరు. మన చిత్తూరు పక్క వేప, కానుగ, చింత వరసగా పూసే మార్చి నుంచి జూన్ దాకానే ఈగలకు మిగులు. చింత పూత రాలినాక పెట్టెలో ఉండేది వాటి తిండి, మన వాటా కాదు.

నిండుగా కనబడినంత మాత్రాన తేనె పండినట్టు కాదు. తేనెపట్టు కట్టిన చట్రం ఎత్తి చూడు. పట్టులోని చిన్న గదుల మీద నాలుగింట మూడు వంతులు మైనపు మూత పడుండాలి. మిగతా భాగం మీద అనుమానముంటే చట్రాన్ని పెట్టె మీదే అడ్డంగా పట్టుకుని ఒక్క కుదుపు కుదుపు. చుక్కలు రాలితే అది ఇంకా మకరందమే, మళ్ళీ లోపల పెట్టి వారం ఆగు. తేమ 20 శాతం దాటిన తేనె పులిసే ప్రమాదముంది. సీసా మూత తీస్తే నురగ, పుల్ల వాసన. చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే మన తొర్ర ఈగల తేనె మామూలుగానే కాస్త పలచన, అందుకే తొందర పనికిరాదు. వాన పడిన మరునాడు అసలే వద్దు.

తేనె గది చట్రాలే తియ్యి. ఈగ పిల్లలు పెరిగే కింది పిల్లగదిలో పట్టు పైఅంచున విల్లులా వంగి ఉండే తేనె జోలికి పోవద్దు. పొగకు కొబ్బరి పీచు చాలు, రెండు మూడు ఊదులే. పొగ ఎక్కువైతే తేనెకు ఆ వాసన పడుతుంది. కత్తిని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, మూతలు పల్చగా చెక్కు. చట్రాన్ని తిప్పి తేనె తీసే మిషన్‌లో ఒకవైపు సగం తీసి, చట్రం మళ్ళించి రెండోవైపు పూర్తిగా తీసి, మళ్ళీ మొదటివైపుకు రా. మొదటే జోరుగా తిప్పితే రెండోవైపు బరువుకు లేత పట్టు విరిగిపోతుంది. వడగట్టి రెండురోజులు స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉంచితే మైనం ముక్కలు పైకి తేలతాయి. పొయ్యి మీద మాత్రం కాచొద్దు.

ఖాళీ పట్లు పొద్దు గూకినాకే పెట్టెలో పెట్టు. పగలు పెడితే పక్క పెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి. రెండు మూడు రోజుల్లో అవి నాకి ఆరబెట్టినాక తేనె గది మొత్తం తీసెయ్యి. ఈగలు కప్పని పట్టు, పట్టును తినేసే మైనపు పురుగుకు ఇల్లు. ఆ పట్లను ఫ్రీజర్‌లో రెండురోజులుంచితే గుడ్లు చస్తాయి. ఆ తరువాత పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టిపెట్టు.

జూలై నుంచి వారానికోసారి పెట్టెను వెనకవైపు కొంచెం ఎత్తి బరువు చూడు. తేలికైతే 200 గ్రాముల చక్కెర, 200 మిల్లీలీటర్ల నీళ్ళు, కరిగించి చల్లార్చి, పుల్లలేసిన గిన్నెలో రాత్రిపూట లోపల పెట్టు. పుల్లలు లేకపోతే ఈగలు మునిగిపోతాయి. బెల్లం పాకం వద్దు, వాటికి కడుపు చెడుతుంది. అంగడి తేనె అసలే వద్దు, జబ్బులు వస్తాయి. ఆకలైతే మన ఈగ ఓర్చుకుని ఉండదు, పెట్టె వదిలి పోతుంది. పుప్పొడి మోసుకొచ్చే ఈగలు తగ్గి, గదుల్లో గుడ్లు, పిల్లలు కనబడకపోతే పోవడానికి సిద్ధమైనట్టే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాను వానలు. అవి రాకముందే పెట్టెను ముందుకు వేలెడంత వాల్చు, నీళ్ళు లోపల నిలవవు. మూతమీద బరువైన రాయి పెట్టు. ఈగలు వచ్చిపోయే గేటును రెండు మూడు ఈగలు పట్టేంతకు కుదించు. స్టాండు కాళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు ఎండిపోనీయకు, చీమలకు అదొక్కటే అడ్డు. అడుగుపలక పదిరోజులకోసారి గీకి శుభ్రం చెయ్యి. నల్లటి రవ్వలాంటి పెంటికలు, తెల్లటి దారాల అల్లిక కనిపిస్తే మైనపు పురుగు చేరినట్టే. ఆ పట్టు అప్పుడే తీసెయ్యి. ఈగ పిల్లలు గదుల్లో తలపైకెత్తి నీటి సంచుల్లా చచ్చి పడుంటే అది థాయ్ సాక్‌బ్రూడ్ జబ్బు. దానికి మందు లేదు. ఒక పెట్టె చట్రం ఇంకో పెట్టెకు మార్చొద్దు, అంతే.

డిసెంబరు ఆఖరుకు మామిడి పూత మొదలవుతుంది, తోటల్లో తేనెమంచు పురుగుకు మందు కొడతారు. కొట్టే ముందురోజే చెప్పమని పక్క తోటవాళ్ళను ఇప్పుడే అడిగి పెట్టుకో. ఆ రాత్రి గేటుకు ఇనుప జాలీ ముక్క కొట్టి, మర్నాడు పెట్టె మీద నీడ ఉండేలా చూసి, సాయంత్రం తీసెయ్యి. ఇంకా ఎక్కువసేపు మూసి ఉంచితే ఈగలు లోపలే ఉడికిపోతాయి.

మీ నాన్న