ఈ చలికాలం మీటరు పెట్టి చూడకుండా బ్యాటరీ అమ్మం

అనంతపురంలో మా బైకుల మరమ్మతు షాపుకు బండ్లు తెచ్చే అందరికీ నమస్కారం. చలి మొదలైంది. సంక్రాంతి దాకా షాపులో కొన్ని పద్ధతులు మారుస్తున్నాను. ఎందుకు మారుస్తున్నానో అర్థం కావాలంటే, నిరుడు డిసెంబరులో నేను చేసిన తప్పు ముందు చెప్పాలి.

రాప్తాడు వైపు నుంచి రోజూ టౌనుకు పాలు తెచ్చి పోసే పెద్దాయన ఒకరున్నారు. తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరతారు. సెల్ఫ్ నొక్కితే టక్కుమని ఆగిపోతోందంటూ బండి తెచ్చారు. ఆ పూట షాపు నిండా బండ్లే. బండి కొని మూడేళ్లయింది, పైగా చలికాలం, బ్యాటరీ పోయిందని చూడకుండానే చెప్పేశాను. 1,200 రూపాయలు తీసుకుని కొత్తది వేశాను, పాతదాన్ని తుక్కు కొనే అతనికి ఇచ్చేశాను. తొమ్మిదో రోజు తెల్లవారుజామున కొత్త బ్యాటరీ కూడా పడుకుంది. ఆ బండికి కిక్కు రాడ్డు లేదు. రెండు పాలక్యాన్లు తగిలించిన బండిని ఆయన చీకట్లో తోసుకుంటూ వచ్చారు. ఆయన చేరేసరికి వాడిక ఇళ్లవాళ్లు ప్యాకెట్ పాలు కొనుక్కున్నారు.

అప్పుడు పెట్టాను వోల్టులు చూపే మీటరు. ఇంజిన్ కాస్త రేజ్ చేస్తే బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా రావాలి. 13 కూడా దాటలేదు. వైరు కదిపితే పెరుగుతోంది, వదిలితే పడిపోతోంది. చార్జింగును అదుపు చేసే రెగ్యులేటర్‌కు వైర్లు కలిపే కప్లర్ విప్పి చూస్తే పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో చేరిన తడి అది. గీకి శుభ్రం చేసి బిగిస్తే చార్జింగ్ నిలకడగా వచ్చింది. పావుగంట పని. పాత బ్యాటరీ బాగానే ఉండి ఉండవచ్చు, పరీక్షిద్దామంటే అది నా దగ్గర లేదు. ఆ 1,200 తిరిగి ఇచ్చాను. ఆయన పోగొట్టుకున్న ఆ రోజు పాల డబ్బు మాత్రం ఎంత బతిమాలినా తీసుకోలేదు.

అందుకే ఇప్పుడీ నియమం. బ్యాటరీ మార్చే ముందు మీ ఎదుటే మూడు అంకెలు చూసి చీటీ మీద రాసిస్తాను. మొదటిది, రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ వోల్టేజి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 కంటే తక్కువ ఉంటే దాదాపు ఖాళీ. రెండోది, సెల్ఫ్ నొక్కినప్పుడు ఎంతకు పడిపోతుందన్నది. నిండా చార్జి చేసిన బ్యాటరీ కూడా 9 కిందకు జారిపోతుంటే దానిమీద ఆశ పెట్టుకోనక్కరలేదు. మూడోది, ఇంజిన్ నడుస్తున్నప్పుడు అందే చార్జింగ్. ఇది 13.5కు, 14.5కు మధ్య ఉండాలి. ఈ పరీక్షకు డబ్బు తీసుకోను. మార్చాల్సి వస్తే పాత బ్యాటరీని మీ పేరు రాసి వారం రోజులు షాపులోనే ఉంచుతాను.

అసలు మన ఊళ్లో బ్యాటరీని పాడుచేసేది చలి కాదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండకు లోపలి పలకలు తినేసుకుపోతాయి, నీళ్లు తగ్గిపోతాయి. వేసవిలో ఇంజిన్ ఇట్టే తిరుగుతుంది కాబట్టి నీరసపడిన బ్యాటరీ కూడా నెట్టుకొస్తుంది. డిసెంబరు రాత్రుల్లో 15, 16 డిగ్రీలకు దిగేసరికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. అప్పుడు బయటపడుతుంది. బ్యాటరీని కాపాడుకోవాలనుకునేవారు బండిని వేసవిలో నీడన పెట్టండి.

రెండో మార్పు వేళలు. తొమ్మిదింటికి తెరిచే షాపును ఇకనుంచి ఆరున్నరకే తెరుస్తాను. పొద్దున స్టార్ట్ కాని బండిని చాలామంది పదకొండింటికి తెస్తారు. ఎండెక్కి, పది కిలోమీటర్లు నడిచి వచ్చిన బండి నా ముందు ఒక్క నొక్కుకే స్టార్ట్ అవుతుంది. జబ్బు దాక్కుంటే నేను ఊహించి విడిభాగాలు మార్చాలి, ఆ ఊహకు డబ్బు మీరు కట్టాలి. కాబట్టి ఇలాంటి బండిని ముందురోజు సాయంత్రమే వదిలి వెళ్లండి. లోపల ఆరు బండ్లకు చోటుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద నేనే మొదటి సెల్ఫ్ నొక్కి చూస్తాను.

మూడోది మీకు నచ్చదు. సర్వీసు కూలి 250 నుంచి 300 చేస్తున్నాను. పొద్దున షిఫ్టుకు ఐటీఐ చదివిన ఒక అబ్బాయిని పెట్టుకున్నాను, అతనికి సరైన జీతం ఇవ్వాలి. ఆ 50 రూపాయలు అందుకే.

చలికాలానికని పలుచటి ఆయిల్ వేయమని కొందరు అడుగుతున్నారు. అవసరం లేదు. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటుందే, ఆ డబ్ల్యూ చలికాలానికి గుర్తే. కంపెనీ పుస్తకంలో ఏది రాసి ఉంటే మన చలికి అది చాలు. కార్లకు వాడే ఆయిల్ మిగిలిందని మాత్రం తెచ్చి పోయకండి. బైకు క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, జారడం మొదలుపెడతాయి.

కార్బ్యురేటర్ బండ్లవారు చోక్ లాగి స్టార్ట్ చేశాక దాన్ని తిరిగి నెట్టడం మరచిపోతున్నారు. చోక్‌తోనే ఆఫీసు దాకా వెళితే ప్లగ్గు నల్లబడుతుంది, పెట్రోలు తాగేస్తుంది. ఏప్రిల్ 2020 తర్వాత కొత్త కాలుష్య నియమాలతో వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి చోక్ లేదు. తాళం తిప్పాక లోపలి పెట్రోలు పంపు శబ్దం ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, ఎక్సలేటర్ తిప్పకుండా సెల్ఫ్ నొక్కండి. ఏ బండికైనా అర నిమిషం వేడి చాలు, మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. దొంగల భయంతో బండిని నట్టింట్లో పెట్టుకునేవారు తలుపులు మూసి స్టార్ట్ చేయవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పక్కన పిల్లలు నిద్రపోతుంటారు. వాకిట్లోకి తోసుకున్నాకే స్టార్ట్ చేయండి.

గాలి విషయం. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో, నడిచి వేడెక్కిన టైరులో 28 పెట్టించుకుంటే తెల్లవారేసరికి అది 25 దగ్గర ఉంటుంది. దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడితే ఒక పాయింటు తగ్గుతుందని లెక్క. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోండి, అందుకు కూడా డబ్బు లేదు.

ఇక కళ్లు చెదిరే తెల్ల ఎల్ఈడీ బల్బులు తెచ్చి బిగించమంటే ఈ ఏడాది బిగించను, ఏమీ అనుకోవద్దు. పెనుకొండ వైపు హైవే మీద తెల్లవారుజామున మంచు దిగినప్పుడు ఆ వెలుగు మంచుకు తగిలి మీ కళ్లలోకే తిరిగొస్తుంది. లైటు డిమ్‌లో పెట్టుకుని వేగం తగ్గించడమే దారి. లైటు లేని ట్రాక్టర్లుంటాయి. పల్లె దారుల్లో కందికట్టె పరిచి ఉంటుంది. కళ్లం లేని రైతు రోడ్డు మీద ఆరబెట్టుకోక ఏం చేస్తాడు? దాని మీద బ్రేకు కొడితే ముందు చక్రం జారుతుంది, కట్టె చైనులో చుట్టుకుంటుంది. దూరం నుంచే ఎక్సలేటర్ వదిలి నిటారుగా దాటండి. చెవులకు చలి అని మఫ్లర్ చుట్టి దానిపైన హెల్మెట్ పెట్టుకునేవారు క్లిప్పు పడుతోందో లేదో చూసుకోండి. పడకపోతే మెడకు చుట్టుకోండి, తలకు వద్దు.

నిరుడు నవంబరు నుంచి జనవరి వరకు మా దగ్గర బ్యాటరీ మార్పించుకున్నవారు ఒకసారి బండి తీసుకురండి. చార్జింగ్ చూస్తాను. లోపం వేరేచోట కనిపిస్తే దాన్ని సరిచేసే కూలి తీసుకోను. పాలాయన బండితోనే మొదలుపెట్టాను. సోమవారం పొద్దున ఆయన చీటీలో 12.6, 10.4, 14.1 వచ్చాయి.