చేపకు వైట్ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీ వైన్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. చేపకు వైట్, మాంసానికి రెడ్ అని తేల్చేశారు. వైట్ వైన్ అంటే పీనో గ్రీజో అనే రకం ఒక్కటే అన్నట్టు రాశారు. అది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. మాది బందరు. ఇప్పుడు ఇటలీలో, అంకోనా రేవు దగ్గర ఓ చిన్న రెస్టారెంటు వంటింట్లో పనిచేస్తున్నాను.

అంకోనా ఉన్న మార్కే ప్రాంతానికి తనదంటూ ఒక తెల్ల ద్రాక్ష ఉంది, వెర్దిక్కియో. దాంతో చేసే వైట్ వైన్‌నీ అదే పేరుతో పిలుస్తారు. యేజి ఊరి చుట్టుపక్కల గుట్టల మీద పండేది ఒక రకం, లోపల కొండల మధ్య మతేలికా లోయలో పండేది ఇంకో రకం. మతేలికా వైపు సముద్రపు గాలి పెద్దగా తగలదు, రాత్రుళ్లు చలి ఎక్కువ, అందుకని ఆ వైన్‌లో పులుపు పదునుగా ఉంటుంది. ఏ రకమైనా మింగిన తర్వాత బాదం గింజ నమిలినట్టు చిరుచేదు తగులుతుంది. నాకు ఈ వైన్ నచ్చిందే ఆ చేదు వల్ల.

ఇక్కడి చేపల పులుసు పేరు బ్రొదెత్తో. అంకోనా పద్ధతిలో అయితే 13 రకాల చేపలు పడాలంటారు. టమాటా వేస్తారు, పులుపుకి వెనిగర్ పోస్తారు. తినేదాంట్లో అంత పులుపు ఉన్నప్పుడు తాగేదాంట్లో కూడా ఉండాలి, లేకపోతే వైన్ చప్పబడిపోతుంది. మెత్తటి పీనో గ్రీజో బ్రొదెత్తో పక్కన నిలబడదు.

స్తొక్కఫిస్సో సంగతి ఇంకా బాగుంటుంది. నార్వే నుంచి వచ్చే ఎండుచేప ఇది, ఉప్పు వేయకుండా గాలికి ఆరబెట్టింది. రోజుల తరబడి నీళ్లు మారుస్తూ నానబెడతాం. గిన్నె అడుగున రెల్లు పుల్లలు పరిస్తే చేప అంటుకోదు. దాని మీద బంగాళాదుంపలు, టమాటా, ధారాళంగా ఆలివ్ నూనె, వెర్దిక్కియో. సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడకాలి, మధ్యలో గరిటె పెట్టకూడదు. గిన్నెలో పోసిన వైన్‌నే గ్లాసులోనూ పోస్తారు. అంత నూనె తిన్న నోటిని ఆ పులుపే తేలిక చేస్తుంది.

మాంసానికి రెడ్డే అన్న మాట కూడా ఇక్కడ చెల్లదు. అడవి సోంపు, వెల్లుల్లి కూరి కాల్చిన కుందేలు మాంసానికి మార్కే వాళ్లు వెర్దిక్కియో రిజర్వా తెరుస్తారు. రిజర్వా అంటే కనీసం 18 నెలలు ఆగాక అమ్మకానికి వచ్చేది, కాస్త బరువైన వైన్. ఇదే ప్రాంతంలోని ఆస్కోలి ఊరివాళ్లు ఆలివ్ కాయల్లో మాంసం కూరి నూనెలో వేయిస్తారు. దానికి మామూలు వెర్దిక్కియో చాలు.

అలాగని మన నెల్లూరు చేపల పులుసుతో తాగమని చెప్పను. ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. కారం తగ్గించి నిమ్మకాయ పిండిన చందువా వేపుడుకైతే చక్కగా కుదురుతుంది.

ఇంకో విషయం. మీ ఫొటోలో వైన్ గ్లాసు నిండా ఐసు ముక్కలున్నాయి. దయచేసి అలా చూపించకండి. ఐసు కరిగితే వైన్ పలచబడుతుంది, మరీ చల్లగా ఉంటే వాసన రాదు. 10 నుంచి 12 డిగ్రీలు చాలు. మన ఎండల్లో అయితే ఫ్రిజ్‌లోంచి తీసి కొద్దిసేపు బయట ఉంచితే సరిపోతుంది. వచ్చే ఆదివారం కనీసం ఈ ఐసు సంగతైనా దిద్ది వేయమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, అంకోనా, ఇటలీ