గనుల్లో పైలట్ బైపాస్‌ను చిన్న తప్పుగా చూడొద్దు

సంపాదకుడికి,

భూగర్భ బొగ్గు గనిలో కరెంటు షాక్‌తో కార్మికుడు చనిపోతే కేబుల్ పాతదనో, మనిషి అజాగ్రత్తగా ఉన్నాడనో నాలుగు ముక్కలు రాసి సరిపెడతారు. అతను పనిచేసిన యంత్రానికి సరఫరా ఇచ్చే స్విచ్ పెట్టెలో (గేట్ ఎండ్ బాక్సు), ఎర్త్ తెగితే కరెంటును దానంతటదే ఆపేసే పైలట్ సర్క్యూట్ పనిచేస్తోందా లేదా అన్నది ఎవరూ అడగరు. ముందుగా అడగాల్సింది అదే.

బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలకు 550 వోల్టుల సరఫరా వాటి వెంట కదిలే ట్రెయిలింగ్ కేబుల్‌లో వెళ్తుంది. అందులో ఐదు కోర్లు (తీగలు): ఫేజులకు మూడు, ఎర్త్ ఒకటి, పైలట్ ఒకటి. పైలట్‌లో బయల్దేరిన కొద్దిపాటి కరెంటు యంత్రం దగ్గర, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ దాటి ఎర్త్ కోర్ గుండా తిరిగొస్తేనే బాక్సులో సరఫరా కలిపే స్విచ్, అంటే కాంటాక్టర్, పట్టి ఉంటుంది. ఎర్త్ తెగితే సరఫరా పోతుంది. బండ పడి కేబుల్ నలిగి పైలట్, ఎర్త్ అంటుకున్నా పోతుంది. అలా అంటుకుంటే కరెంటు డయోడ్ దాటకుండానే తిరిగొస్తుంది, బాక్సు ఆ తేడా పసిగడుతుంది; డయోడ్ పెట్టింది అందుకే.

నైట్ షిఫ్టులో ఎల్‌హెచ్‌డీ చక్రం కిందపడి పైలట్ కోర్ తెగిందనుకోండి. స్పేర్ కేబుల్ ఉండదు, బొగ్గు ఆగకూడదు. బాక్సు మూత తీసి పైలట్, ఎర్త్ టెర్మినళ్ల మధ్య లోపలే ఇంకో డయోడ్ తగిలిస్తారు. ఇదే బైపాస్. ఇక ఎర్త్ తెగినా బాక్సుకు తెలియదు, యంత్రం నడుస్తుంది. తర్వాతి షిఫ్టువాళ్లకు ఆ సంగతే తెలియదు.

‘లీకేజీ 750 మిల్లీ ఆంపియర్లు దాటకుండా కట్టడి ఉంది కదా’ అనే ధీమా ఒకటి. లెక్క చూద్దాం. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య సుమారు 318 వోల్టులు. ఆ కట్టడికి సరఫరా ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య సుమారు 425 ఓముల రెసిస్టెన్స్ కావాలి. ఎర్త్ దారి 2 ఓములుంటే ఫాల్ట్ వచ్చినా యంత్రం బాడీ మీద ఒకటిన్నర వోల్టే ఉంటుంది. ఎర్త్ తెగి ఉంటే, తడినేల మీద నిలబడి బాడీని పట్టుకున్న మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకున్నా, 220 మిల్లీ ఆంపియర్లు అతని గుండానే పోతాయి. ప్రాణం తీయడానికి అందులో సగం చాలు. లీకేజీ వస్తే సరఫరా ఆపే ఎర్త్ లీకేజీ రిలేకు ఫాల్ట్ తెలిసేదే మనిషి తగిలాక!

పైగా తీసిన మూత సరిగా బిగించరు. ఒక్క బోల్టు లేకపోయినా, మూత అంచుల (ఫ్లేంజి) సందు 0.5 మిల్లీమీటరు దాటినా అది లోపలి మంటను బయటి గ్యాసుకు అంటనివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్సు కాదు, ఉత్త ఇనప్పెట్టె. బొగ్గు నుంచి వచ్చే మీథేన్ వాయువు గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుంది కనుకే 1.25 శాతం దాటగానే అక్కడ కరెంటు తీసేయాలని నిబంధన పెట్టారు.

బైపాస్‌ను పట్టుకోవడం కష్టమేమీ కాదు. స్టాప్ స్విచ్ పైలట్‌లోనే ఉన్న యంత్రాల్లో ఆపరేటర్ షిఫ్టు మొదట్లో దాన్ని నొక్కి చూస్తే చాలు. గేట్ ఎండ్ బాక్సులో కాంటాక్టర్ పడిపోయి సరఫరా ఆగాలి. పడకపోతే, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ యంత్రం జోలికి వెళ్లకూడదు.

గనిలో బొగ్గు తీసే ప్రతి ప్యానెల్‌కు (భాగానికి) ఒక స్పేర్ ట్రెయిలింగ్ కేబుల్ దగ్గరలోనే ఉంచాలి. దెబ్బతిన్నదాన్ని టేపు చుట్టి సరిపెట్టకుండా పైకి పంపి, వేడితో రబ్బరు అతికించే వల్కనైజింగ్ చేయించాలి. బాక్సు మూతలకు నంబరు సీళ్లు వేసి, తెరిచిన ప్రతిసారీ రిజిస్టరులో కారణం రాయించాలి. గనుల భద్రతా డైరెక్టరేట్ అధికారులు రాత్రి షిఫ్టుల్లో చెప్పకుండా వెళ్లి సరఫరా తీయించి ఆ మూతలు తెరిపించాలి. బైపాస్ దొరికితే ఎలక్ట్రీషియన్ చేతిలో ఛార్జిషీటు పెట్టి ఊరుకోకుండా, స్పేర్ కేబుల్ కావాలని పెట్టిన ఇండెంట్ ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు ఆగిందో కూడా విచారణ నివేదికలో రాయాలి.

గని విద్యుత్ సూపర్‌వైజర్, గోదావరిఖని