తనిఖీకి రాత్రిపూట రండి

తెలంగాణ వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. వృద్ధాశ్రమానికి అధికారులు వస్తున్నారంటే చాలాచోట్ల ముందురోజే కబురు అందుతుంది. దుప్పట్లు మారతాయి, రిజిస్టర్లు నిండుతాయి. వచ్చినవారు వంటగదీ కాగితాలూ చూసి వెళ్తారు. మంచం మీది మనిషిని పక్కకు తిప్పి చూసేవారు మాత్రం అరుదు.

మంచం పట్టినవారికి సాధారణంగా రెండేసి గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే నడుం కింద, తుంటి మీద, మడమల దగ్గర చర్మం కందుతుంది. నొక్కి వదిలినా ఆ ఎరుపు తెల్లబడకపోతే పడకపుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు. చేత్తో తాకి చూడాలి: చుట్టుపక్కల కంటే వెచ్చగానో గట్టిగానో తగిలితే అనుమానించాలి. ప్రతి పుండూ నిర్లక్ష్యం వల్లే అనడం లేదు; ఆఖరి రోజుల్లో ఎంత చూసుకున్నా కొందరికి పడతాయి. కానీ అది ఎప్పుడు కనబడిందో, ఎవరు కట్టు కట్టారో ఎక్కడా రాసి లేకపోతే దాన్ని ఇంకేమనాలి?

మణికట్టు చుట్టూ గాజులా కమిలిన గీత ఉంటే కట్టేశారేమోనని అడగాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి చిన్న తాకిడికే ఒళ్లు కములుతుంది కనుక మందుల చీటీ కూడా చూడాలి. పగలంతా మగతగా ఉంటే నిద్రమాత్రలు ఎక్కువగా ఇస్తున్నారేమోనని స్ట్రిప్పులో మిగిలిన మాత్రలు లెక్కపెట్టాలి. పక్క తడుపుతారని సాయంత్రం నుంచే నీళ్లు ఆపేస్తే నాలుక ఎండుతుంది, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, మాట తడబడుతుంది. దాన్ని "వయసు మీద పడింది" అని కొట్టిపారేస్తారు.

ఆయాలను మాత్రమే తప్పుపట్టలేం. మంచం పట్టిన 25 మందికి రాత్రి ఒక్కరే ఉంటే, మనిషికి అయిదు నిమిషాల చొప్పున పక్క మార్చడానికే 125 నిమిషాలు. రెండు గంటలు అక్కడే దాటిపోయాయి. నీళ్లెప్పుడు తాగించాలి, డైపర్ ఎప్పుడు మార్చాలి? బరువున్న మనిషిని తిప్పడానికి ఇద్దరు కావాలి కూడా.

అనుమానం వచ్చిన బంధువులు ముందుగా మేనేజరుతో గొడవపడొద్దు. బంధువులు ఇంటికి వెళ్లిపోతారు, పెద్దావిడ ఆ రాత్రి అక్కడే ఉండాలి. ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి, ఒప్పుకుంటే గాయం పక్కన స్కేలు పెట్టి తేదీతో ఫోటో తీయాలి, ప్రభుత్వాసుపత్రిలో ఎంఎల్‌సీ (పోలీసు విచారణకు పనికొచ్చే వైద్య రికార్డు) నమోదు చేయించాలి. లైంగిక దాడి అనుమానముంటే స్నానం చేయించకూడదు, బట్టలు ఉతకకూడదు. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ప్రాణాపాయమైతే 112కు ఫోన్ చేయాలి. ఈ నాలుగు మాటలూ ప్రతి ఆశ్రమం గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించండి.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం కేంద్రం తెచ్చిన 2007 చట్టం సెక్షన్ 24 వృద్ధులను వదిలేసినవారికి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటుంది. ఆశ్రమంలో కట్టేసినవారి ఊసు అందులో లేదు. ఆశ్రమాల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ప్రతిపాదించిన సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది గానీ చట్టం కాలేదు. కేంద్రం కోసం ఆగకుండా ప్రైవేటు ఆశ్రమాలకూ రాష్ట్రమే నిబంధనలు తేవాలి: రాత్రి సిబ్బంది సంఖ్య, నెలనెలా బరువు నమోదు, చెప్పకుండా తనిఖీ. నెలలో అయిదు శాతం బరువు తగ్గినవారిని డాక్టరు చూడాలి.

అన్నిటికంటే ముందు, ఫిర్యాదు చేసిన పెద్దలు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారో తేల్చండి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారికోసం రెండు మంచాలు కేటాయించండి.

ఇట్లు,
వృద్ధుల సంరక్షణలో పనిచేస్తున్న నర్సులు, సహాయకులు