ఇన్‌టేక్ కిట్‌తో పాటు కాగితం కూడా ఇవ్వాలి

సంపాదకులు గారికి,

విశాఖ బీచ్ రోడ్డులో రాత్రిపూట కార్ల మోత భరించలేకపోతున్నామని మీ పత్రికకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. రాసినవాళ్లంతా సైలెన్సర్లనే తిడుతున్నారు. ఆ మోతలో కొంత కారు వెనక నుంచి కాదు, బానెట్ కింద నుంచి వస్తోంది. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి, దాని స్థానంలో ఇంజిన్‌కి చల్లగాలి అందిస్తుందని చెప్పే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అనే పైపు, ఫిల్టర్ కిట్ బిగించుకోవడం కుర్రాళ్లకు సరదా అయిపోయింది. మోత సంగతి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి దాన్ని వదిలేస్తాను. నా ఫిర్యాదు వేరు. వేలకు వేలు పోసి ఈ కిట్ కొనేవాడికి, తను కొంటున్నదేమిటో చెప్పే నాథుడు లేడు.

ఇందులో అసలు సూత్రం చిన్నదే. చల్లగాలి చిక్కగా ఉంటుంది. అందులో ఆక్సిజన్ ఎక్కువ, ఆ మేరకు పెట్రోలు ఎక్కువ మండించి పవర్ తీయొచ్చు. కానీ లెక్క కట్టి చూడండి. గాలి 10 డిగ్రీలు చల్లబడితే సాంద్రత పెరిగేది సుమారు 3 శాతం. 80 హార్స్‌పవర్ ఉన్న చిన్న కారుకి అది మహా అయితే రెండున్నర హార్స్‌పవర్, అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే. పైగా ఈనాటి చాలా కార్లలో కంపెనీవాళ్లే గ్రిల్ వెనక నుంచో హెడ్‌లైట్ పక్క నుంచో బయటి గాలినే ఇంజిన్‌కి అందిస్తున్నారు. టర్బో కార్లకి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉండనే ఉంది. మరి పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుందని చెప్పేవాళ్లు దాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? మన ఊరి ఉక్కపోత లెక్క ఇంకొకటి ఉంది. మే నెల మధ్యాహ్నం మన గాలిలో నూటికి మూడు నాలుగు వంతులు నీటి ఆవిరే ఉంటుంది. అంత మేరా ఆక్సిజన్‌కి చోటు తగ్గినట్టే. ఏ ఫిల్టరూ దాన్ని తీసెయ్యలేదు.

అసలు ఆ పేరుతో అమ్ముతున్నవాటిలో చాలావరకు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్‌లే కావు. ఒక పొట్టి పైపు, దాని చివర కోన్ ఆకారంలో ఓపెన్ ఫిల్టర్, రెండు క్లాంపులు. అది ఇంజిన్ పక్కనే కూర్చుంటుంది, చుట్టూ వేడిని ఆపే డబ్బా ఉండదు. రేడియేటర్ దాటి వచ్చిన వేడిగాలినే పీల్చుకుంటుంది. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఎండలో ఆగి ఉన్న కారులో దాని పని, పొయ్యి ముందు కూర్చుని చల్లగాలి కోసం చూడటమే. పికప్ పెరిగిందని కుర్రాళ్లు ప్రమాణం చేసి చెబుతారు. కంపెనీ డబ్బా గాలి పీల్చే చప్పుడును కూడా అణిచేది. అది పోవడంతో వినపడే గుర్రుమనే శబ్దమే వాళ్లకు పికప్‌లా అనిపిస్తుంది.

మా అన్నయ్య కొడుకు కిట్ పెట్టించుకుంటానంటే నేనూ వెంట వెళ్లాను. “బాబూ, ఈ ఫిల్టర్ దుమ్ముని ఎంత శాతం ఆపుతుంది?” అని అడిగాను. “సార్, ముందు సౌండ్ వినండి” అని షాపతను ఫోన్‌లో వీడియో పెట్టాడు. బిల్లు చూస్తే దానిమీద ‘యాక్సెసరీస్’ అని ఒక్క ముక్క ఉంది. ఏ కంపెనీది, ఏ మోడల్‌కి, ఏమీ లేదు.

నేను అడిగినది అల్లాటప్పా ప్రశ్న కాదు. ఎయిర్ ఫిల్టర్‌ని పరీక్షించడానికి ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఫిల్టర్ ఎంత దుమ్ము ఆపింది, ఎంత దుమ్ము పట్టేదాకా పనిచేసింది, గాలికి ఎంత అడ్డుపడింది అనే మూడూ అందులో తేలతాయి. 99 శాతం ఆపే ఫిల్టర్‌కీ 97 శాతం ఆపే ఫిల్టర్‌కీ చూడటానికి తేడా రెండే, కానీ ఇంజిన్‌లోకి పోయే దుమ్ము మూడింతలు. 1.2 లీటర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద గట్టిగా లాగుతున్నప్పుడు నిమిషానికి 1500 లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. దాంతోపాటు వెళ్లిన సన్నటి ఇసుక రేణువులు సిలిండర్ గోడల్నీ పిస్టన్ రింగుల్నీ అరగదీస్తాయి. ఇది ఒక్కరోజులో తెలిసేది కాదు. కొన్నేళ్లకు ఆయిల్ తాగడం మొదలైనప్పుడు ఫిల్టర్ ఎవరికీ గుర్తుకు రాదు.

వేరే ఊళ్లో ఈ మాట అంటే చాదస్తం అనుకోవచ్చు. మనది పోర్టు బొగ్గు దుమ్ము మేడ మీద ఆరేసిన బట్టల మీద కనపడే ఊరు. కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది. గాజువాక వైపు రోజూ తిరిగే కారుకి గాలి ఎంత ధారాళంగా వస్తుందన్నది తర్వాతి మాట. ఎంత శుభ్రంగా వస్తుందో ముందు చూడాలి.

ఇక వాన. నిజమైన కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్‌లు కొన్నింటిలో ఫిల్టర్‌ని బంపర్ వెనక, చక్రం దగ్గర కిందికి దింపుతారు. చల్లగాలి దొరికేది అక్కడే. గట్టి వానకి జ్ఞానాపురం రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు చేరేదీ ఆ ఎత్తుకే. ఫిల్టర్ మునిగితే ఇంజిన్ గాలి బదులు నీళ్లు పీలుస్తుంది. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి పైకి వస్తున్న పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఖర్చు లక్షల్లోకి పోవచ్చు. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోకపోతే మామూలు పాలసీలో ఇలాంటి నష్టానికి క్లెయిం రావడం కష్టం. కవర్ ఉన్నా, చేసిన మార్పు బీమా కంపెనీకి ముందే చెప్పకపోతే కొర్రీలు తప్పవు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణలో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ హద్దు దాటితే సెక్షన్ 190 వేరే ఉంది. ఆర్‌సీలో ఎయిర్ ఫిల్టర్ ఊసే ఉండదు కాబట్టి మాకేం కాదని షాపులవాళ్లు అంటారు. రోడ్డు మీద ఆపితే జరిమానా కట్టేది మాత్రం కొన్నవాడు. అమ్మినవాడు హాయిగా ఉంటాడు.

కాలిఫోర్నియాలో ఈ బాధ లేదు. అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు కిట్‌ని పరిశీలించి నంబరు ఇస్తేనే దాన్ని రోడ్డు మీద తిరిగే కారుకి బిగించొచ్చు. ఆ నంబరు ఏ మోడల్‌కి, ఏ సంవత్సరం కారుకి ఇచ్చారో దానికే చెల్లుతుంది. మన దగ్గర అంత ఏర్పాటు రేపే జరగదని నాకూ తెలుసు. కనీసం రవాణా శాఖవాళ్లు ఇన్‌టేక్ మార్పు ఎంతవరకు ఒప్పుకుంటారో అచ్చ తెలుగులో ఒక పేజీ ప్రకటన ఇచ్చి ప్రతి యాక్సెసరీస్ షాపులో అంటించాలి. బిల్లు మీద కిట్ తయారీదారు పేరు, సరిపోయే మోడల్, ఐఎస్ఓ 5011 ఫలితం ఉండాలని తూనికలు కొలతల శాఖో, వినియోగదారుల వ్యవహారాల వాళ్లో పట్టుబట్టాలి.

అప్పటిదాకా, కొనే తీరతామనే కుర్రాళ్లకు రెండు ముక్కలు. సరదా తీరాలంటే కంపెనీ డబ్బాని అలాగే ఉంచి లోపలి ఫిల్టర్ మాత్రం మార్చుకునే డ్రాప్-ఇన్ రకం చాలు. దానికి కూడా పరీక్ష కాగితం అడగండి. నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ అయితే కడిగాక నూనె పొదుపుగా రాయండి. ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సార్ తీగకి అంటుకుని రీడింగ్ తప్పుతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. పూర్తి కిట్టే కావాలంటే మూసి ఉన్న డబ్బాతో, మీ మోడల్‌కే చేసినది, ఫిల్టర్ హెడ్‌లైట్ ఎత్తుకి తగ్గకుండా ఉండేది చూసుకోండి. క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీలువి కాకపోతే మన సముద్రపు గాలికి తుప్పు పడతాయి. వారంటీ ఉన్న కారైతే పని మొదలుపెట్టకముందే సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడగండి. తీసిన పాత డబ్బాని మాత్రం షాపులో వదిలేసి రాకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెకానికల్ ఇంజినీరు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం